నాంపల్లి సముద్రానికి కూలరు

హైదరాబాదుకు సముద్రం లేదన్న చిరకాలపు లోటు, భావి పథకాల శాఖ ఉపసంచాలకులు గోపాలరావుగారి నాంపల్లి నివాసంలో, ముందుగదిలో, కిటికీకి ఎడంపక్కన తీరిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

గోపాలరావుగారిది కాకినాడ. రాష్ట్రం ఏర్పడినప్పుడు ఫైళ్లతోపాటు రాజధానికి తరలివచ్చిన తొలి బృందంలో వారొకరు. ఈ ఊళ్లో వారికి అన్నీ బాగానే అమరాయిగాని, ఇంటికొచ్చిన పెద్దమనుషులకు చూపించడానికే ఏదీ లేకపోయింది. పక్కింటి ఇంజనీరుగారికి గోడమీద దుప్పికొమ్ములున్నాయి. ఎదురింటి ప్లీడరుగారికి ఇంగ్లీషు మాత్రమే అర్థమయ్యే కుక్క ఉంది. అందుచేత వారు అబిడ్స్‌లో పెద్ద గాజుతొట్టి చేయించి, కాకినాడనుంచి పీపాలతో సముద్రపు నీళ్లు రైలెక్కించి, రామేశ్వరం వైపునుంచి పగడపు గడ్డలూ, నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న చేపలూ తెప్పించారు. అధ్యయనం నిమిత్తం తెప్పించారు కనుక రవాణా సంగతి శాఖే చూసుకుంది.

చలికాలమంతా అధ్యయనం చక్కగా సాగింది. ఏప్రిల్లో నీళ్లు వేడెక్కాయి. సముద్రంలో చేపకు ఎండ తగిలితే ఇంకాస్త లోతుకు పోతుంది. గోపాలరావుగారి సముద్రంలో లోతుకు పోతే బల్ల తగులుతుంది. ఒక మధ్యాహ్నం పెద్దచేప పైకొచ్చి నోరు తెరుచుకుని రొప్పసాగింది. వారు విస్తరిముందు నుంచి లేచిపోయారు.

"చేపని చూసి ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినేవాళ్లని చూశానుగాని, అన్నం మానేసినవాళ్లని చూళ్లేదండీ," అంది ఆయన భార్య సుబ్బరత్నం.

సహాయక చర్యలు వెంటనే మొదలయ్యాయి. కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టించారు. ఆఫీసు జవాను పెంటయ్యను వాటిమీద పొద్దస్తమానం నీళ్లు చల్లే విధికి నియమించారు. మంచుగడ్డ నేరుగా వేస్తే ఉప్పు పలచనవుతుందని సీసాల్లో కుక్కి మూతలు బిగించి తొట్టిలో తేలేశారు. అయినా చేప రొప్పుతూనే ఉంది. అప్పుడు గోపాలరావుగారి చూపు ఆఫీసు కూలరుమీద పడింది.

ఆ ఆఫీసు అబిడ్స్‌లో ఒక పాత మేడపైన ఉంది. టైపిస్టుల హాలుకు పైకప్పు రేకులు. ఎన్నో ఏళ్లు అర్జీలు పెట్టుకోగా ఆ హాలుకు ఒక కూలరు మంజూరైంది. గోపాలరావుగారు దాన్ని 'పనితీరు పరిశీలన కోసం' తమ ఇంటికి తరలించారు. టైపిస్టులకు నచ్చజెప్పే బాధ్యత హెడ్ క్లర్కు వామన్‌రావు తీసుకున్నాడు. ఆయన పాత హైదరాబాదు మనిషి, ఎవరి మనసూ నొప్పించడు.

"జర సమజ్ చేసుకోన్రి అమ్మా. మీరు మనుషులు. చెమట పడితే మీకు సల్లగైతది. చేపకు చెమట పట్టదు. పాపం, అదేం చేస్తది?" అన్నాడు.

ఈ శాస్త్రీయమైన వాదనకు కమలకుమారి అనే టైపిస్టు మాత్రం, "మరి మాకు పట్టిన చెమటకు కాయితాలు తడుస్తున్నయి సార్," అంది. ఆమెది చాదర్‌ఘాట్. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పడకేసిన తండ్రి, చదువుకుంటున్న చెల్లెళ్లు ఆమె జీతంమీదే ఉన్నారు. అంచేత ఆ ఒక్కమాటతో ఆగిపోయింది.

కూలరు పెట్టాక చేప కోలుకుంది. అంతేకాదు, గుమాస్తాల్లో కర్తవ్యనిష్ఠ పెరిగింది. ఉపసంచాలకులతో ఇంటిదగ్గరే చర్చించవలసిన ఫైళ్లు ప్రతి బల్లలోనూ బయటపడ్డాయి. ఎండ ముదిరేకొద్దీ శాఖ మొత్తం ముందుగదిలో చాపలు పరుచుకుని ప్రజాసేవ చేయసాగింది. ఇంతమంది ఊపిరికి గది వేడెక్కి, చేప మళ్లీ పైకి తేలింది. గోపాలరావుగారు కఠినమైన ఆదేశం ఇచ్చారు: అత్యవసరమైన సిబ్బంది తప్ప ఇంకెవరూ గదిలో ఊపిరి పీల్చరాదు. వామన్‌రావు ఉష్ణమాపకం చూసి చెప్పడానికి అత్యవసరమని తేలాడు. టైపు మిషన్లు బరువైనవి కనుక టైపిస్టులు అత్యవసరం కాదని తేలారు.

మే నెలలో ఒకరోజు కమలకుమారి టైపు చేస్తూ చేస్తూ మిషనుమీదికి ఒరిగిపోయింది. పక్కనున్న టైపిస్టు శశికళ కేకతో పెంటయ్య పైకొచ్చాడు. అతను మంచు తీసుకుపోవడానికి అటు వచ్చి ఉన్నాడు. దవాఖాన ఇంకా దూరం. అతనికి తెలిసిన చల్లని చోటు ఒక్కటే. ఇద్దరూ కలిసి ఆమెను రిక్షాలో నాంపల్లికి చేర్చారు.

గోపాలరావుగారు మీటింగుకు పోయి ఉన్నారు. సుబ్బరత్నమే ఎదురొచ్చింది. పిల్లను చాపమీద పడుకోబెట్టి, కూలరు మొహం ఆమెవైపు తిప్పింది. తొట్టిలోని మంచుసీసాలు తీసి తడిగుడ్డలో చుట్టి నుదుటిమీద పెట్టింది.

"చేపకు గాలి పోతుందమ్మా," అన్నాడు వామన్‌రావు.

"మీరు విసరండి," అంటూ విసనకర్ర చేతికిచ్చింది.

సాయంత్రానికి కమలకుమారి లేచి మజ్జిగ తాగింది. పెద్దచేప వెల్లకిలా తేలింది.

మర్నాడు ఆఫీసులో సంతాపసభ జరిగింది. "మూగజీవి అయినా మన శాఖలో అందరికంటె క్రమశిక్షణగా మెలిగింది. ఎన్నడూ సెలవు అడగలేదు," అని వామన్‌రావు గద్గదంగా పలికాడు. సభ ముగిశాక కమలకుమారికి మెమో అందింది. ముందస్తు అనుమతి లేకుండా స్పృహ తప్పడంవల్ల శాఖకు నష్టం వాటిల్లింది కనుక, ఉద్యోగంనుంచి ఎందుకు తొలగించకూడదో చెప్పాలని అందులో ఉంది.

విచారణ గోపాలరావుగారే స్వయంగా చేపట్టారు. హాలులో వేడి లేదని సాక్ష్యం చెప్పడానికి గుమాస్తాలందరూ ముందుకొచ్చారు. కమలకుమారి లేచి నిలబడింది.

"నాదొక్క మనవి సార్. విచారణ గా హాల్లనే పెట్టున్రి. తలుపులేసి. వేడి లేదు గద, మీకేం తక్లీఫ్ ఉండదు."

కాదనడానికి కారణం దొరకలేదు.

మిట్టమధ్యాహ్నం, రేకుల కింద, విచారణ ప్రారంభమైంది. వాతావరణం ఊటీని తలపిస్తోందని మొదటి సాక్షి కళ్లలోకి కారుతున్న చెమట తుడుచుకుంటూ చెప్పాడు. రెండో సాక్షి తనకు కాస్త చలిగా కూడా ఉందన్నాడు. మూడో సాక్షిని పిలుస్తూ గోపాలరావుగారు కుర్చీలోంచి పక్కకు జారి నేలమీద పడ్డారు.

అందరూ పరుగున ఆయన్ను నాంపల్లి చేర్చారు. సుబ్బరత్నం కూలరు ఆయనవైపు తిప్పింది. ఆయన కళ్లు తెరిచి, మిగిలిన చిన్నచేపలవైపు చూసి ఏదో అనబోయారు.

"మాటాడకండి. ఆ పిల్లని కూడా ఇక్కడే పడుకోబెట్టాను. చచ్చిపోతుందేమోనని ఎంత భయపడ్డానో నాకే తెలుసు," అందామె. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. కూలరును చేపలవైపు తిప్పమని మాత్రం అనలేదు.

కాని శాఖ అన్నది ఒకరి మనస్సాక్షితో నడిచేది కాదు. వారం తిరక్కముందే వామన్‌రావు నివేదిక సిద్ధం చేశాడు. ఉపసంచాలకులు హాలులో పడిపోవడానికి కారణం వేడి కాదనీ, చేప పోయిన దుఃఖమనీ నిర్ధారణ అయింది. అటువంటి దుఃఖం పునరావృతం కాకుండా తొట్టికి రెండో కూలరు కొనాలని సిఫారసు చేశారు. టైపిస్టుల హాలుకు సముద్రం బొమ్మ ఉన్న క్యాలెండరు మంజూరైంది. కమలకుమారిని దయతలచి హెచ్చరికతో వదిలేశారు. ఇకముందు స్పృహ తప్పదలచుకుంటే రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఆ నివేదికను టైపు చేసింది కమలకుమారే. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆ రేకుల కిందే అందరూ వరసగా నిలబడి సంతకాలు చేశారు. ఆమె కూడా చేసింది. చెమట పడి కొన్ని సంతకాలు అలుక్కుపోయాయి. పైఅధికారులు వాటిని కన్నీళ్లుగా పరిగణించవలసిందిగా అడుగున ఒక గమనిక చేర్చారు.

పైఅధికారులు అలాగే పరిగణించారు. ఈ నివేదికమీద పాఠకులకు అభ్యంతరాలుంటే స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చు. హాలు తలుపులు మూసే ఉంటాయి, లోపల చల్లగానే ఉంటుంది.