అడగకపోవడమే అసలు వైద్యం

అయ్యా, అమ్మా! ఆడవాళ్ల నొప్పికి మన యానాంలో తిరుగులేని మందొకటి ఉంది. దాని పేరు మౌనం. ఖర్చు లేదు, చేదు లేదు, డాక్టరు అక్కర్లేదు. అలాంటి మందును ఒక నర్సు పాడుచేసిందంటే నాకు కడుపు మండదా?

పడవలకు తెరచాపలు కుట్టే బుల్లబ్బాయికి, మెట్టకూరు పిల్ల వీరవేణికి నిరుడు పెళ్లయింది. ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ దగ్గరైతే చాలు, ఆ పిల్లకు నొప్పి. ఒళ్లంతా కొయ్యబారిపోయేది. ఎవరితో చెప్పుకుంటుంది? తనంటే ఇష్టం లేదేమోనని బుల్లబ్బాయి అరుగు మీద పడుకోవడం మొదలుపెట్టాడు. తనలోనే ఏదో లోపం ఉందని వీరవేణి తిండి మానేసింది. ఇద్దరూ పల్లెత్తు మాట అనుకోలేదు. ఎంత మర్యాదస్తులో చూశారా!

అత్తగారు సుబ్బలక్ష్మి ఊరుకుంటుందా? కోడలికి తాయెత్తు కట్టించింది. మంచం తూర్పుకు తిప్పించింది. వంకాయ మాన్పించింది, ఆముదం పట్టించింది. ఒక్కటి మాత్రం చేయలేదు: “ఎక్కడమ్మా నొప్పి?” అని అడగలేదు. సంస్కారమంటే అదీ!

ఇంతలో తెరచాప సూది బుల్లబ్బాయి బొటనవేలిలో దిగింది. ఆసుపత్రికి మొగుడితోపాటు వీరవేణీ వెళ్లింది. అక్కడ నర్సు జోసెఫిన్ ఉంది. పుదుచ్చేరిలో చదివొచ్చిన మనిషి. కట్టు కడుతూ వీరవేణి పీక్కుపోయిన మొహం, మొగుడి భుజం తగిలితే చాలు ఆ పిల్ల కొయ్యబారిపోవడం చూసింది. బుల్లబ్బాయిని బయట కూర్చోబెట్టి, సిగ్గూ ఎగ్గూ లేకుండా అడిగేసింది.

“కలిసినప్పుడు నొప్పుంటందా తల్లీ?”

వీరవేణి బావురుమంది. “ఆయ్, ఉంటందండి. నేను ఆడదాన్నే కాదేమోనండి.”

“ఊరుకో, పిచ్చిపిల్లా! ముందు లోపల పుండేదైనా ఉందేమో, నువ్వు సరేనంటేనే చూస్తాను.”

సరేనంది. పుండేమీ లేదు. అప్పుడు జోసెఫిన్, “పిడికిలి గట్టిగా బిగించు. ఇప్పుడు ఆ పిడికిట్లోకి నేను వేలు దూరిస్తే?” అంది.

“నొప్పండి.”

“కింద కూడా కండలుంటాయమ్మా. భయపడితే అవీ ఇలాగే బిగుసుకుంటాయి. నొప్పి నిజమే, నీ తప్పు మాత్రం కాదు. మోకాళ్లు ముడుచుకుని పడుకో. పొట్ట పొంగేలా ఊపిరి పీల్చి మెల్లగా వదులు. ఆ వదలడంతోపాటే కింద బిగువూ వదిలెయ్. రోజూ పొద్దునా సాయంత్రం.”

అంతటితో ఆగిందా? బుల్లబ్బాయినీ లోపలికి పిలిచింది!

“నెల్లాళ్లు కలవడమే వద్దు. తర్వాత కూడా ఆ పిల్ల సరేనంటేనే. కొబ్బరినూనె వాడండి. ఆగమంటే ఆగాలి. తెలిసిందా?”

“నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నానండి,” అన్నాడు బుల్లబ్బాయి.

“ఎవరన్నారండి ఇష్టం లేదని?” అంది వీరవేణి. పెళ్లయ్యాక మొగుడి మీద కసురుకోవడం అదే మొదటిసారట.

ఒక్కరోజులో తగ్గలేదు. రెండు వారాలు తేడాయే లేదని వీరవేణి ఏడ్చింది, జోసెఫిన్ మళ్లీ నేర్పింది. మూడో నెల దాటేసరికి అరుగు ఖాళీ! ఇంట్లోంచి ఒకటే నవ్వులు. మా వీధిలో పట్టపగలు పేపరు చదువుకోవడానికి లేదు.

ఘోరం ఇంకా ఉంది. వీరవేణి నూతి దగ్గర నోరు విప్పింది. ఇప్పుడు అగ్రహారం నుంచీ అడవిపొలం నుంచీ ఆడవాళ్లు జోసెఫిన్ వరండాలో బారులు తీరుతున్నారు. సుబ్బలక్ష్మి కూడా వెళ్లింది. “నా కాలంలో నువ్వెక్కడున్నావమ్మా?” అని ఆ నర్సు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదట.

ఈ అన్యాయాన్నంతా కాగితం మీద ఏకరువు పెట్టి, మా ఆవిడ సరోజినికి చదివి వినిపించాను. బియ్యం ఏరుతూ చివరిదాకా వింది.

“మన పెళ్లై ఇరవై ఆరేళ్లండి. మీరొక్కసారైనా అడిగారా?” అంది. అని, చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అడుగుదామనే లేచాను. వంటింటి గుమ్మం దాకా వెళ్లాను కూడా. రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి తిరిగొచ్చాను.