ఓ నిశ్శబ్దమా, మేమొచ్చాం

పోర్ట్ విల్గా సర్వజన గాన సంఘం వారు నల్లార్బర్ మైదానమునకు సంగీతము అందజేయుటకు తీర్మానించినారని ఇందుమూలముగా తెలియజేయడమైనది. మైదానం అడగలేదు. అడగనిదాన్ని ఇవ్వడమే సేవ అని మా సంఘం పెద్దలు చెబుతారు. ఆ మైదానంలో చెట్టు లేదు, కొండ లేదు, ఏరు లేదు, మనిషి అరుదు. ఇన్ని లేనిచోట పాట కూడా లేకుండా ఉంటే ఎంత హాయిగా ఉంటుందో ఎవరికీ తోచలేదు.

అరవైమందిమి అడిలైడ్‌లో రైలెక్కాం. పెన్షన్ పుచ్చుకున్న పంతుళ్ళు, పళ్ళ డాక్టర్లు, వాళ్ళ భార్యలు, వాళ్ళ కాఫీ ఫ్లాస్కులు. ఓడరేవులో గోధుమ బస్తాలు మోసిన నాబోటివాళ్ళు కొద్దిమందిమి. పెర్త్ చేరేదాకా పాడుతూ పోవడం, చేరాక అక్కడి పెద్ద హాల్లో కచేరీ. దారిలో ఎడారి మధ్య కూంబెరిల్లా అనే హాల్ట్ దగ్గర రైలు ఆపి, అక్కడి జనానికి గాన దానం. అక్కడి జనం ముగ్గురు. అందులో ఒకటి కుక్క.

రోజూ ఉదయం, సాయంత్రం లాంజి పెట్టెలో సాధన. రైల్లో మిగతా ప్రయాణికులు మొదటి సాధన విన్నారు. ఆ తర్వాత నుంచి ఎవరి గదుల్లో వాళ్ళు తలుపులు వేసుకుని సంగీతాన్ని ఆస్వాదించారు.

మా గురువు డెస్మండ్ పాస్కో. మహానుభావుడు. "పాడలేనివాడు ఈ భూమ్మీద పుట్టలేదు" అన్నది ఆయన సిద్ధాంతం. దాన్ని టీషర్టుల మీద అచ్చువేయించి మాకందరికీ తొడిగాడు. ఆ టీషర్టు వేసుకున్నవాళ్ళు నోరు తెరిస్తే ఆయన ముఖం మాత్రం పంటి నొప్పి వచ్చినవాడి ముఖంలా అయ్యేది. సిద్ధాంతం వేరు, చెవులు వేరు. ఈ యాత్ర కోసం ఆయన స్వయంగా ఒక గీతం కట్టాడు. మొదటి పాదం: "ఓ నిశ్శబ్దమా, మేమొచ్చాం!" రెండో పాదం: "నిన్ను పోగొట్ట వచ్చాం!" ఎడారి మీద ఇంత నిజాయితీగా రాసిన కవి మరొకడు లేడు.

ఇక నోయెలీన్ ట్రెంబాత్ సంగతి. పండ్లు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసి పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. మొదటి రోజు బార్ పెట్టెలో బీరు గ్లాసు పట్టుకుని మా అందరి ముందూ చెప్పేసింది:

"మా బళ్ళో టీచరమ్మ నన్ను ఆఖరి వరసలో నిలబెట్టి, 'నువ్వు పెదాలు కదుపు చాలమ్మాయ్, శబ్దం రానీకు' అంది. చర్చిలోనూ అదే మాట. పెళ్ళయ్యాక మా ఆయనా అదే మాట. ఫ్యాక్టరీలో మాత్రం రోజంతా గొంతు చించుకుని పాడేదాన్ని. ఆ యంత్రాల మోతలో నా పాట నాకే వినపడేది కాదు. పెర్త్‌లో అంత పెద్ద హాలు, లైట్లు, జనం. అక్కడ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నలుగురికీ వినపడేలా పాడాలి. అందుకే వచ్చా. మీరు మ్యూజియంలు చూడ్డానికి వచ్చారేమో, నాకవేం వద్దు."

"నువ్వు పాడకపోతే ఎవరు పాడతారే తల్లీ!" అన్నాడు మా క్లారీ, గ్లాసు ఎత్తి. క్లారీ నా పక్కన నిలబడి మంద్రస్థాయిలో పాడేవాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఒకరి ఆశను చప్పట్లతో సరిపెట్టడం మా ఊళ్ళో మర్యాద.

రెండో రోజు పొద్దున, రైలు మైదానంలోకి దిగిన వేళ, డెస్మండ్ నన్ను స్నానాల గది దగ్గర ఆపాడు. అటూ ఇటూ చూశాడు. నా భుజం మీద చెయ్యేశాడు.

"చూడవయ్యా, నీ గొంతు చాలా బలమైంది. నువ్వు పాడుతుంటే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటున్నారు. ఈసారికి పెదాలు మాత్రం కదుపు. సంఘం కోసం. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి సుమా."

నా గుండె పొంగిపోయింది. ఎంత గొప్ప గొంతుంటే మనిషి నోరు మూసుకోవాల్సి వస్తుంది! సంఘం కోసం త్యాగం చేస్తానని మాటిచ్చాను. ఆ త్యాగం గురించి ఎవరికీ చెప్పకూడదన్నదొక్కటే బాధగా ఉండింది.

అదే మాట డెస్మండ్ క్లారీతో సిగరెట్ కాల్చేచోట చెప్పాడు. పళ్ళ డాక్టరుతో ఉపాహారం వరసలో చెప్పాడు. పైస్థాయిలో పాడే సోప్రానో ఆడవాళ్ళకు, ఎవరికి వారికి, కిటికీ పక్కన కూచోబెట్టి చెప్పాడు. ప్రతి సాధనలోనూ ఏదో ఒక గొంతు ఆయన చెవిలో ముల్లులా గుచ్చుకునేది. ఆ గొంతును పక్కకు పిలిచి పొగిడి మూయించేవాడు. ఇలా ఎంతమందిని మూయించాడో ఆయన లెక్కపెట్టుకోలేదు. కళాకారుడికి లెక్కలేమిటి? అరవైమందీ ఎవరికి వారే ఏకైక త్యాగమూర్తులమై, పక్కవాళ్ళ వంక జాలిగా చూస్తూ, వేయించిన గొర్రెమాంసం తిన్నాం.

నోయెలీన్‌కూ చెప్పాడు. ఆమె మాత్రం పొంగిపోలేదు.

"ఈ మాట నేను ఏడో ఏట విన్నానయ్యా డెస్మండ్," అంది. "అప్పుడు చెప్పినావిడ ఇంత తియ్యగా చెప్పలేదు, అంతే తేడా."

"అది కాదమ్మా నోయెలీన్, సామరస్యం…"

"సరేలే. నీ సామరస్యం నువ్వు చూసుకో."

తర్వాత నాతో అంది: "అరవైమంది అరుస్తుంటే నా గొంతు ఎవడికి దొరుకుతుందిలే. ఫ్యాక్టరీలో ఎన్నేళ్ళు పాడలేదూ? మోతలో దాక్కుని పాడేస్తా. పెర్త్‌కి అదే రిహార్సల్."

నేను నవ్వి ఊరుకున్నా. నా రహస్యం నాది కదా.

కూంబెరిల్లా వచ్చింది. ఒక నీళ్ళ ట్యాంకు, రెండు రేకుల ఇళ్ళు, మిగతాదంతా బూడిద రంగు పొదలూ ఆకాశమూ. పట్టాలు బాగుచేసే రెగ్, అతని భార్య డాట్, కుక్క, మడత కుర్చీలు వేసుకుని కూచున్నారు. వాళ్ళకిది కొత్త కాదు. ప్రతి నెలా ఏదో ఒక గాన బృందం వచ్చి వాళ్ళ ఒంటరితనాన్ని పోగొట్టి వెళుతుంది. ఒంటరిగా ఉండటం కోసమే అక్కడికొచ్చామని రెగ్ ఒకటి రెండుసార్లు విన్నవించుకున్నాడట. అణకువతో అలా అంటున్నాడని అందరూ మెచ్చుకున్నారు.

వరసల్లో నిలబడ్డాం. డెస్మండ్ కళ్ళు మూసుకుని చేతులెత్తాడు. దించాడు.

మా నోళ్ళు తెరుచుకున్నాయి. శబ్దం రాలేదు.

గాలి వీచింది. రైలు ఇంజను ఎక్కడో గుర్రుమంది. మా పెదాలు మాత్రం ఎంత చక్కగా కదిలాయంటే, "ఓ" దగ్గర గుండ్రంగా, "మేమొచ్చాం" దగ్గర సాగి, ఒక్క తేడా లేదు. ఎడారి ఈగలు నోళ్ళలోకి పోతూ వస్తూ ఉన్నాయి. ఒక్కరూ దగ్గలేదు. అదీ క్రమశిక్షణ. నాకొక్కడికే చెవుడొచ్చిందేమోనని మొదట భయపడ్డాను. అందరూ అదే భయపడ్డారని వాళ్ళ ముఖాలు చెప్పాయి. డెస్మండ్ ముఖం మీద మాత్రం కన్నీళ్ళు కారుతున్నాయి. తన పాటను ఎవరూ చెడగొట్టకుండా వినడం ఆయనకదే మొదటిసారి.

మొదటి చరణం అయ్యింది. రెగ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "ఇంతవరకూ వచ్చిన వాళ్ళందరిలో మీరే నయం!" అన్నాడు మనస్ఫూర్తిగా.

రెండో చరణం ఆల్టోలు, అంటే కిందిస్థాయి ఆడగొంతులు, అందుకోవాలి. నోయెలీన్ ఆల్టో. ఇంతసేపూ ఆమె కళ్ళు బూట్ల మీదే పెట్టుకుని ఊపిరి పోగుచేసుకుంటోంది. యంత్రాల మోతకు సగం మొద్దుబారిన చెవులాయె, చుట్టూ ఏమవుతోందో పట్టించుకోలేదు. ఎదర ఇంత మోత ఉందనుకుని, ఫ్యాక్టరీలో ఎత్తినట్టు, గొంతు ఎత్తింది.

ఆ గొంతు ట్యాంకుకు తగిలింది. రేకులకు తగిలింది. ఇక తగలడానికేమీ లేక అలా మైదానం మీద పోయింది. శ్రుతి ఒకచోట, ఆమె ఒకచోట. అయినా ఆపలేదు. ఒక్కతే పాడుతున్నానని తెలిసిపోయింది, ముఖం కందగడ్డయింది, ఆపలేదు. చివరి మాటదాకా పాడి, నోరు మూసి, గాలి పీల్చుకుంది.

కుక్క లేచి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడుకుంది.

"ఇంకోసారి పాడు తల్లీ," అంది డాట్. మా వంక తిరిగి, "వీళ్ళకేం రోగం? కట్టుడుపళ్ళు ఇంట్లో మరిచిపోయి వచ్చారా?" అంది.

రైలు కదిలిందో లేదో సంఘంలో ఆగ్రహం పెల్లుబికింది. ఇంత అందమైన పాటను చెడగొట్టిందెవరు? నోయెలీన్. వినపడిన తప్పు ఎవరిది? నోయెలీన్‌ది. ఆమె ఒక్కతే శ్రుతి తప్పిందని అరవైలో మిగతావాళ్ళందరమూ ప్రమాణం చేసి చెప్పగలం. మేం తప్పామని నిరూపించమనండి చూద్దాం!

మధ్యాహ్నం భోజనాల పెట్టెలో అత్యవసర సభ. అధ్యక్షురాలు గ్వెండా షుల్జ్. పచ్చిక మీద బంతులు దొర్లించే లాన్ బౌల్స్ క్లబ్బును ఏళ్ళ తరబడి ఏలిన మనిషి. సభా నియమాలు ఆవిడకు ప్రాణం, సంగీతం కాదు. డెస్మండ్ లేచి ప్రసంగించాడు.

"సోదర గాయకులారా! సమష్టి గానం అంటే నన్ను నేను మనలో కలిపేసుకోవడం. ఇవాళ ఆ మహా ప్రవాహంలో ఒక రాయి పడింది. వ్యక్తివాదం అనే రాయి! అందుచేత నోయెలీన్ గారు పెర్త్‌లో వేదిక ఎక్కరాదని ఎంతో ప్రేమతో ప్రతిపాదిస్తున్నాను."

నోయెలీన్ లేచింది.

"ఒక్కటే అడుగుతా. ఇందాక మీలో ఎవరు పాడారు?"

అందరం చేతులెత్తాం.

"అయితే ఇప్పుడోసారి పాడండి, వింటా."

"గొంతులకు విశ్రాంతి కావాలి!" అన్నాడు డెస్మండ్ చటుక్కున. "పెర్త్ దగ్గరపడింది."

"చర్చ ముగిసింది," అంది గ్వెండా, చెంచాతో గ్లాసు మీద కొట్టి. "ప్రతిపాదనకు ఒప్పుకునేవాళ్ళు 'సరే' అనండి. వ్యతిరేకించేవాళ్ళు 'వద్దు' అనండి. ఏది గట్టిగా వినిపిస్తే అది నెగ్గుతుంది. మన పద్ధతి తెలుసుగా. ఒప్పుకునేవాళ్ళు?"

ఇక్కడ మా జనం మనస్తత్వం కాస్త తెలియాలి. నోయెలీన్‌ను దించేయాలని అందరికీ ఉంది. కానీ ఆమె ఎదురుగా నిలబడి ఒక్కో ముఖమూ చూస్తోంది. నిన్న ఆమెతో కలిసి బీరు తాగాం. రేపు ఆమె ఇంటి ముందునుంచే పాలకు పోవాలి. "సరే" అని నా గొంతే ఎందుకు వినపడాలి? ఇంతమంది ఉన్నారు, వాళ్ళు అంటారు. క్లారీ అంటాడని నేను, నేనంటానని క్లారీ, పళ్ళ డాక్టరు అంటాడని ఆయన భార్య. అందరం పెదాలు కదిపాం. ఎంతో దృఢంగా కదిపాం.

పెట్టెలో చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"వ్యతిరేకించేవాళ్ళు?"

"వద్దు!" అంది నోయెలీన్. గాజు గ్లాసులు గల్లుమన్నాయి.

"వద్దన్నదే గట్టిగా వినిపించింది. ప్రతిపాదన వీగిపోయింది," అంది గ్వెండా.

డెస్మండ్ నోరు తెరుచుకుంది. "కానీ గ్వెండా, వాళ్ళందరి పెదాలూ…"

"పెదాలు మినిట్స్‌లో ఎక్కవయ్యా డెస్మండ్. అనుమానం ఉంటే చేతులు లెక్కపెట్టమని ఏ సభ్యుడైనా నోరు తెరిచి అడగొచ్చు. ఎవరన్నా అడుగుతారా?"

ఎవరన్నా అడుగుతారని అందరం ఎదురుచూశాం.

పెర్త్ హాలు నిండిపోయింది. లైట్లు వెలిగాయి. నోయెలీన్ గుండీలన్నీ పెట్టుకుని మధ్య వరసలో నిలబడింది. డెస్మండ్ చేతులు దించాడు. ఆమె పాడింది, మొదటి చరణమూ, రెండోదీ, అన్నీ. గాలి సరిపోనిచోట ఆగి పీల్చుకుంది. పట్టాల దగ్గరికన్నా బాగా పాడింది. లేదా మాకు అలవాటయ్యింది. మేం చుట్టూ నిలబడి పెదాలు కదిపాం. చివరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆమె ఏడ్చింది. అరవైమందిమీ ముందుకొచ్చి తలలు వంచి ఆ చప్పట్లు పంచుకున్నాం. ఈ పని మాత్రం ఎవరూ పక్కవాడికి వదల్లేదు.

మర్నాడు పత్రికలో రాశారు: "అరవై గొంతులు ఒక్క గొంతుగా వినిపించాయి. సమష్టి అంటే ఇది!" ఆ ముక్క కత్తిరించి అందరం ఇళ్ళల్లో పటం కట్టించుకున్నాం. ఆ అరవైలో తన గొంతు ఏదో నోయెలీన్ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఇది చదివి మీకు నవ్వొస్తోంది కదూ. నవ్వండి. కాకపోతే కాస్త బయటికి వినపడేలా నవ్వండి. పక్కవాడెలాగూ నవ్వుతాడులే అని ఊరుకుంటారేమోనని నా అనుమానం.