దాహ భత్యం

ఒక పెద్ద అడవిలో, ఎండలు మొదలయ్యే వేళ, సింహానికి ఉన్నట్టుండి ప్రజల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రభువులకి ప్రేమ పుడితే ఎవరికో ఒకరికి మూడినట్టే కదా!

కొండ దారికి రాళ్ళు మోసే గాడిదల్ని పిలిచి, "రోజుకి పది చింతగింజలు దాహ భత్యం ఇస్తాం. పానీయాల ధర నెలనెలా చూస్తాం. కిందటి నెలకన్నా ఎన్ని రెట్లు పెరిగితే భత్యమూ అన్ని రెట్లు పెంచుతాం. ఇదిగో, బండరాయి మీద చెక్కిస్తున్నాం" అంది. ఆ అడవిలో చింతగింజలే డబ్బు. పది గింజలకి కోతి కొట్లో ఒక కొబ్బరి బోండాం వచ్చేది.

వీరాస్వామి అనే ముసలి గాడిదకి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. కిందటేడు దానికి వడదెబ్బ తగిలి చావు తప్పింది. "రోజుకో బోండాం పడకపోతే ఈ వేసవి దాటవు" అని వైద్యం చేసే ఎలుగుబంటి ఖరాఖండీగా చెప్పేసింది.

ధరలు రాయడానికి ఒక కచేరీ పెట్టారు. నక్క అధికారి, తాబేలు గుమస్తా. నెల మొదటి రోజున తాబేలు కొట్టుదాకా నడిచి, ధర అడిగి రాసుకొస్తుంది.

చైత్రంలోనే బోండాం ఇరవై గింజలైంది. తాబేలు అదే రాసింది.

"నీ మొహం మండ! ఇలా రాస్తే భత్యం రెట్టింపు చెయ్యాలి. ఖజానా గుల్ల!" అంది నక్క. "బోండాం ఖరీదైతే జనం ఏం చేస్తారు?"

"ఏడుస్తారండి."

"కాదు. చెరకు రసం తాగుతారు. అదెంత?"

"పది గింజలండి."

"అయితే పానీయం ధర పది. పెరగలేదు. రాయి."

వైశాఖంలో చెరకు రసమూ ఇరవై అయింది. నక్క మజ్జిగకి దిగింది. జ్యేష్ఠంలో మజ్జిగా పెరిగింది. నక్క కాసేపు తోక నిమురుకుని, "వాగునీళ్ళెంత?" అంది.

తాబేలు తెల్లబోయింది. "వాగునీళ్ళకి ధరేంటండీ? ఊరికే తాగుతాం కదా."

"శభాష్! సున్నా అని రాయి."

మర్నాడు దండోరా వేశారు. పానీయాల ధర సున్నాకి దిగిందట! సింహానికి పూలదండలు, పల్లకీలో ఊరేగింపు. ఆ పల్లకీ మోసింది కూడా గాడిదలే.

ఊరేగింపు అయ్యాక వీరాస్వామి రొప్పుతూ కచేరీకి వచ్చింది. "అయ్యా, బోండాం ముప్పై గింజలు. నా భత్యం పదే. మూడ్రోజులకోటి తాగుతున్నాను. కళ్ళు తిరుగుతున్నాయి. చచ్చిపోతానేమోనని భయంగా ఉందయ్యా."

"ముప్పై అన్నది నీ ఒక్కడి గోడు. మాది అడవి మొత్తం లెక్క. వాగుకెళ్ళి తాగు, పో!" అంది నక్క.

ఇంతలో ఊరేగింపు ఖర్చు ఎక్కణ్ణించి రాబట్టాలని సింహం నిలదీసింది. నక్క ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "వాగు రేవు వేలం వేద్దాం ప్రభూ" అంది. కోతి పాడుకుంది. రేవుకి అడ్డంగా తాడు కట్టి, దొప్పెడు నీళ్ళకి ఒక గింజ వసూలు మొదలెట్టింది.

ఆషాఢం వచ్చినా వాన జాడ లేదు. తాబేలు యథాప్రకారం ధర అడిగి రాసుకొచ్చి, ఏడుపు మొహం పెట్టింది. "అయ్యా, కిందటి నెల సున్నా. ఈ నెల ఒకటి. ఎన్ని రెట్లు పెరిగినట్టండీ?"

నక్క నవ్వుతూ లెక్కకి కూర్చుంది. పది రెట్లు చాల్లేదు. వెయ్యి చాల్లేదు. లక్షా చాల్లేదు. సున్నాని ఎంత పెట్టి హెచ్చించినా ఒకటి కానంటోంది. దానికి చెమటలు పట్టాయి.

"పోనీ, మళ్ళీ బోండాం ధర రాద్దామా?"

"రాసినా సున్నా మీంచే ఎక్కాలండి."

తాబేలు నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా గాడిదలన్నీ రాళ్ళు దింపేసి ఆ బండ చుట్టూ చేరాయి. "ఎన్ని రెట్లో చెప్పండి. చెప్పేదాకా ఒక్క రాయి మొయ్యం!" అన్నాయి.

సింహం పరుగున వచ్చింది. "మన ఖజానా అంతా ఇచ్చేస్తే సరిపోతుందా?" అని నక్క చెవిలో అడిగింది.

"సరిపోదు ప్రభూ. పక్క అడవి ఖజానా కలిపినా సరిపోదు."

అప్పుడు వీరాస్వామి వణికే కాళ్ళతో ముందుకొచ్చింది. "మహాప్రభో, మాకు లెక్కలు రావు. రెట్లూ వద్దు, గింజలూ వద్దు. తలకో బోండాం రోజూ ఇప్పించండి. ధర సంగతి మీరే చూసుకోండి."

"ఒప్పుకున్నాం! ఒప్పుకున్నాం!" అని అరిచింది సింహం. గాడిదలు ఎక్కడ మనసు మార్చుకుంటాయోనని అప్పటికప్పుడే చెక్కించేసింది.

కచేరీ మూసేశారు. కోతి దగ్గర బోండాలు కొని కొండ మీదకి మోసే పని నక్క నెత్తిన పడింది. ధర నలభై అయింది, యాభై అయింది. వీరాస్వామి నీడన కూర్చుని తాగుతుంటే, నక్క గెల దించి, "ఆ నెల ఒక్క గింజ అని రాసుంటే పోయేది కదరా భగవంతుడా!" అని తల బాదుకునేది.

నీతి: ధర ఎంత తగ్గించైనా రాసుకోండి నాయనా, సున్నా దాకా మాత్రం పోకండి.