చేప ముక్కకి చెట్టు లెక్క

కార్తీకమాసం ఇంకో రెండు రోజుల్లో అయిపోతుందనగా హేమచంద్ర నాలుక తిరుగుబాటు చేసింది.

బరంపురం గోసాని నువాగాంలో అప్పడాల టోకు వ్యాపారం అతనిది. నెల మొదట్లోనే భార్య సాయిపద్మ అతన్ని తులసికోట ముందు నిలబెట్టి మాట తీసుకుంది. నెలంతా చేప, గుడ్డు ముట్టకూడదు. ఒడియావాళ్ల లెక్కలో పున్నమితోనే నెల సరి. ఆ మర్నాడు ఛడఖాయి, నెల పథ్యం విడిచే పండగ. ఆ రోజు బరంపురం బరంపురమంతా చేపల బజారు మీద పడుతుంది. మాట తప్పినవాడికి మాత్రం ఆ రోజు ఇంట్లో పులుసు ముక్క దొరకదు. పద్మ చేతి చేపల పులుసు కోసం హేమచంద్ర నెలంతా దోసకాయ పప్పు మింగాడు. మింగాడనే అనాలి, తిన్నాడని అనలేం.

అలాంటివాడికి పొడంపేట నుంచి నీలకంఠం ఫోన్ చేశాడు. సముద్రం మీద వేటకెళ్లే పాత స్నేహితుడు.

"ఒరే హేమా, వలలో కోనాం సేప పడింది. ఏపుడు సేస్తన్నాం. వస్తావేటి?"

హేమచంద్ర గుటక వేశాడు. ఎదురుగా కూతురు వసుధ ప్లస్ టూ లెక్కలు చేసుకుంటోంది. కాగితం నిండా కొమ్మలు.

"ఏటమ్మా ఆ సెట్టు?"

"ప్రాబబిలిటీ నాన్నా. ముందు ఇది జరిగితే, ఆ తరవాత అది జరిగే అవకాశం ఎంత అని. ఏ కొమ్మ మీద పోతే ఆ అంకెలు గుణించుకుంటూ పోవాలి."

హేమచంద్రకి జ్ఞానోదయమైంది. అప్పడాల అట్టపెట్టె చింపి తనూ ఒక చెట్టు గీశాడు. తిరిగొచ్చేసరికి పద్మ గుడిలో ఉండొచ్చు, ఇంట్లో ఉండొచ్చు. చెరి సగం. గుడిలో ఉంటే బెంగ లేదు. ఇంట్లో ఉంటే వాసన పట్టేస్తుంది. దానికి మందు? కిళ్లీ. చొక్కా మార్పు. పైన మల్లెపూలు. ఇన్ని చేశాక కూడా పట్టుకోవాలంటే పదింట ఒక వంతు. సగంలో పదో వంతు, అంటే ఇరవైలో ఒకటి!

ఈ లెక్కన తను తినడం తినకపోవడం ఒకటేనని తేల్చుకుని, అట్టముక్క పారేసి, గంజాంలో కొట్లకి అప్పడాలు వేసొస్తానని బయల్దేరాడు.

సాయంత్రం కొత్త చొక్కాతో, నోట్లో మూడు కిళ్లీలతో, చేతిలో రెండు మూరల మల్లెలతో గుమ్మం ఎక్కాడు. పద్మ ఇంట్లోనే ఉంది.

"పొద్దున్న నీలం సొక్కాతో కదా ఎల్లారు?"

"ఎండ," అన్నాడు కిళ్లీల సందులోంచి.

"ఎండకి నీలం పసుపైపోనాదా? ఆ పూలేటి?"

"నీకే."

"నేనడిగానా?"

అడగలేదు. అదే చిక్కు. పద్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసి కూతుర్ని కేకేసింది.

"వసుధా, వారం నుంచి పైకి సదివి నా సెవులు తినేస్తన్నావే, ఆ కొమ్మల లెక్క పట్రా. రాయి. వంద రోజుల్లో మీ నాన్న ఏదో తప్పు సేసేవి ఇరవై."

"ఇరవయ్యా!"

"తగ్గించే సెప్పాను, ఊరుకోండి. ఆ ఇరవైలో అడక్కుండా పూలు తెచ్చేవి పదహారు. ఏ తప్పూ సెయ్యని ఎనభైలో తెచ్చేవి నాలుగు. ఇయాల పూలొచ్చాయి. మరి తప్పు సేసుంటారా?"

"పూలున్న కొమ్మలే చూడాలమ్మా," అంది వసుధ. "పదహారూ నాలుగూ ఇరవై. ఇరవైలో పదహారు. నూటికి ఎనభై!"

హేమచంద్ర కిళ్లీలు నమలడం ఆపేశాడు. తను మొదట్నుంచి కొసకి ఎక్కాడు. ఈవిడ కొసనున్న పూలు పట్టుకుని మొదలుకి దిగుతోంది. ఈ దారి సంగతి అతనికి తట్టనే లేదు. దాక్కోవడానికి తెచ్చిన పూలే దారి చూపిస్తున్నాయి.

"మిగతా ఇరవై పాళ్లు నేను నిర్దోషినే గదా!" అన్నాడు బింకంగా.

పద్మ మెత్తబడింది. పూలు జడలో తురుముకుంది.

"అదీ నిజమే. పాపం, ఇయాల పేమతోనే తెచ్చారేమో. ఉత్తినే అనుమానించాను."

ఆ మాటకి హేమచంద్ర కరిగిపోయాడు. ఇంత మంచి పెళ్లాం ఎవడికి దొరుకుతుంది? కళ్లు చెమర్చాయి.

"పేమే పద్మా! ఒట్టు! ఆ కోనాం ముక్క నోట్లో ఎట్టుకుంటన్నప్పుడు కూడా నువ్వే గుర్తొచ్చావ్!"

వసుధ ఎనభై కొట్టేసి వంద వేసింది.

"నా లెక్క ఆ ఇరవై పాళ్ల దగ్గరే ఆగిపోనాది," అంది పద్మ జడ సర్దుకుంటూ. "మీరే పూరించీసారు."

ఛడఖాయి రోజున పులుసు ఘుమఘుమ వీధి చివరిదాకా వెళ్లింది. హేమచంద్ర కంచంలో మాత్రం దోసకాయ పప్పు.

"పద్మా, ఒక్క ముక్క దొరికే అవకాశం ఎంతుంటాదంటావు?"

వసుధ నవ్వాపుకుంటూ పెన్సిల్ అందుకోబోయింది.

"పెన్సిలెందుకే," అంది పద్మ, అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వడ్డిస్తూ. "ఈ సెట్టుకి ఒకటే కొమ్మ."

హేమచంద్ర తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు.