క్వీన్స్‌లాండ్‌కి ఏడు మార్కులు

"చెల్లెమ్మా, ఈ ఖండంలో నేరస్తులు రెండే రకాలండి. సుబ్బరాజుకి దొరికిపోయినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు. ఆయ్."

పక్కింటి సుబ్బరాజు గారు ఈ మాట అన్నప్పుడు ఆయన చేతిలో భూతద్దం ఉంది. అది వాళ్ళమ్మాయి సూదిలో దారం ఎక్కించుకునేది. ఆయన భీమవరం డిపోలో ముప్ఫై ఏళ్ళు బస్సు టికెట్లు చెక్ చేసి రిటైరయ్యారు. మెల్‌బోర్న్ దాటాక ఉన్న ఈ వెర్రిబీలో కూతురింటికి వచ్చాక డిటెక్టివ్ అయ్యారు. ఇప్పటికి ఛేదించిన కేసు ఒక్కటే, ఆయన కళ్ళజోడు పోయిన కేసు. అందులో దొంగ ఆయనే, దొరికింది ఆయన నెత్తి మీదే.

అలాంటాయన దగ్గరికి పోవడానికి కారణం నా చేతిలోని కాగితం. మా అబ్బాయి చందు ప్యాంటు వాషింగ్ మెషీన్లో వెయ్యబోతుంటే జేబులోంచి జారింది. నేను చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషులో మూడక్షరాల మాటల దాకా కూడబలుక్కోగలను. ఆ కాగితం మీద మొదటి మాటకి సరిగ్గా మూడే అక్షరాలున్నాయి. గన్.

సుబ్బరాజు గారు మిగతాది చదివారు.

"తుపాకి చట్టాలు, ఏ రాష్ట్రం ఎంత ఫ్రెండ్లీ. పదికి మార్కులేశాడండి. క్వీన్స్‌లాండ్ ఏడు. టాస్మేనియా ఐదు. న్యూ సౌత్ వేల్స్ మూడు. మన విక్టోరియా రెండు. వెస్ట్రన్ ఆస్ట్రేలియా సున్నా."

"కింద ఇంకేదో రాసుందండీ."

"అమ్మ వెళ్ళేలోపు పని అయిపోవాలి."

పది రోజుల్లో నాకు విమానం. చందు బొద్దింకని కూడా చీపురుతో బయటికి సాగనంపే పిల్లాడు. మిక్సీ కొనాలన్నా గళ్ళు గీసి మార్కులేసి కొంటాడు. వాడు ఇప్పుడు తుపాకికి గళ్ళు గీశాడు.

"వాడికి జైలు పడుతుందా అన్నయ్యగారూ?"

"జైలుదేముందండి, ముందు ఇక్కడుండనిచ్చే పీఆర్ పోద్ది." భూతద్దంతో నా మొహంలోకి చూశారు. "కుర్రాడి నడతలో మార్పులేమన్నా?"

"స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అని ఏదో ఊళ్ళో ఇళ్ళు చూస్తున్నాడు. బ్రిస్బేన్ ఆఫీసుకి మారతాడట."

"ఏ రాష్ట్రం?"

"క్వీన్స్‌లాండ్."

భూతద్దం గడ్డిలో పడింది. "ఏడు మార్కులు," అన్నారాయన గొంతు తగ్గించి. "ఇంకా?"

"ఇంకేం లేదండీ. నెత్తిన పసుప్పచ్చ జుత్తున్న ఆ తెల్ల చిలకలున్నాయే, కాకటూలు, అవి రోజూ పొద్దున ఏడింటికి దిగి నా గుమ్మడి వడియాలు తినిపోతున్నాయి. కోడలికి ఏడో నెల, ఏడాదికి సరిపడా పెట్టి పోదామంటే నాలుగు వాయిలు..."

"చెల్లెమ్మా, ఖూనీ కేసులోకి వడియాలు తేకండి."



మధ్యాహ్నం పిల్లలిద్దరూ ఆఫీసులో ఉండగా సుబ్బరాజు గారు మా గరాజ్ సోదా చేశారు. బియ్యం బస్తా వెనక మనిషంత పొడవు అట్టపెట్టె దొరికింది. ఆయన దానికి చెవి ఆనించారు.

"లోపల టిక్కుటిక్కుమంటోందండి."

"మీ వాచీ అండీ."

వాచీ ఉన్న చెయ్యి దించి మళ్ళీ చెవి ఆనించారు. "అవునవును. ఆగిపోయింది." తర్వాత పెట్టె మీది ఇంగ్లీషు సగం చదివి వెనక్కి రెండడుగులు వేశారు. "పది మీటర్ల దాకా కొడుతుందట. కదిలినదాన్ని వదలదట. ఇది మామూలు తుపాకి కాదండి. మనిషి అక్కర్లేని తుపాకి."

పోలీసులకి చెబుదామా అన్నాను. నేరస్తుణ్ణి నేరం చేస్తుండగా పట్టుకోవడమే తన పద్ధతి అన్నారు. బస్సులో కూడా అలాగే పట్టుకునేవారట.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగేశాను. "ఒరేయ్ నాన్నా, నీకెవరన్నా శత్రువులున్నారట్రా?"

"ఉన్నారమ్మా," అన్నాడు చందు పప్పు కలుపుకుంటూ. "పన్నెండు మంది."

కోడలు హరిప్రియ ప్లేటులోకి చూస్తూ నవ్వింది. "రేపు సాటర్‌డే కదా అత్తయ్యా. మార్నింగ్ చూపిస్తాడులెండి."

పన్నెండు మంది. మా కులదైవానికి పన్నెండు కొబ్బరికాయలు మొక్కుకుని పడుకున్నాను.

శనివారం పొద్దున్నే వెనక దొడ్లోకి వెళితే సుబ్బరాజు గారు నారింజరంగు మెరుపుల చొక్కాలో నిమ్మచెట్టు చాటున కూర్చుని ఉన్నారు. రోడ్డు పనివాళ్ళు వేసుకునేది. అల్లుడిదట.

"ఈ దేశంలో ఈ చొక్కా ఉంటే ఎందుకొచ్చావని ఎవడూ అడగడండి. నేను తుమ్మితే మీరు పోలీసుకి ఫోన్ చెయ్యండి."

"నాకు ఇంగ్లీషు రాదుగా."

"గన్ అనండి. మిగతాది వాళ్ళే మాట్లాడతారు."

దొడ్డి మధ్యలో పాత అద్దెవాళ్ళు వదిలేసిపోయిన ట్రాంపొలీన్ ఉంది, పిల్లలు ఎగిరి గెంతేది. దాని మీద పాత చీర పరిచి అయిదో వాయి వడియాలు ముందురోజు సాయంత్రమే పెట్టాను. ఎండుమిరపకాయల ముద్ద కాస్త ఎక్కువే వేశాను, చిలకలు కారానికైనా జడుస్తాయని. ఇంకా తడి ఆరలేదు. ఆ పక్కనే గడ్డిలో, నిన్న లేనిది, ఒక నల్ల గొట్టం నిలబడి ఉంది. మూతి నా వడియాల వైపే ఉంది.

సుబ్బరాజు గారు దాన్ని చూశారు. "చెల్లెమ్మా, కదలకండి. నిర్వీర్యం చేసేస్తా," అని పిల్లిలా పాక్కుంటూ బయల్దేరారు.

నాలుగో అడుగులో టకటకటక మని మోత. సుబ్బరాజు గారు గుండె పట్టుకుని "తగిలింది చెల్లెమ్మా, తగిలింది," అంటూ గాల్లోకి లేచి వెల్లకిలా ట్రాంపొలీన్ మీద పడ్డారు. అది ఆయన్ని పైకి పంపింది. గొట్టం కదిలినదాన్ని వదల్లేదు, మళ్ళీ కొట్టింది. ఆయన మళ్ళీ పడ్డారు. అలా మూడుసార్లు. చివరికి బోర్లా ఆగారు. వీపంతా ఎర్రగా ఉంది.

"పోలీసు," అన్నాను. చేతిలో ఫోనే లేదు.

చందు కాఫీ కప్పుతో బయటికొచ్చాడు. మనిషి వంక చూసి, వడియాల వంక చూసి, కొళాయి కట్టేశాడు.

"అంకుల్, పక్షులకి పెట్టింది మీకు తగిలిందేంటి?"

"నీళ్ళా?" అన్నారు సుబ్బరాజు గారు లేవకుండానే.

"నీళ్ళే. బ్యాటరీది, ఏదన్నా కదిలితే చిమ్ముద్ది. అమ్మ వెళ్ళేలోపు ఒక్క వాయైనా దక్కాలని తెచ్చా."

"మరి ఆ మార్కులేంట్రా?" అన్నాను. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"నువ్వే కదమ్మా, పోయిన ఆదివారం, తుపాకి పేలిస్తే గానీ ఈ పక్షులు మాట వినవన్నావు. జెల్ గోళీలు కాల్చే బొమ్మ ఒకటుంది. క్వీన్స్‌లాండ్‌లో దాన్ని బొమ్మంటారు, ఇక్కడ తుపాకంటారు. అసలు ఎక్కడ ఎలా ఉందోనని టేబుల్ వేశా. కాకటూల్ని ఏమన్నా చేస్తే ఇంకో కేసట. అందుకని నీళ్ళు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే నీళ్ళకి కూడా భయపడతావని."

నిజమే, కరెంటుతో పనిచేసే నీళ్ళంటే నిద్రపట్టేది కాదు.

ట్రాంపొలీన్ మోతకి, వడియాల మీదికి దిగబోయిన పన్నెండు కాకటూలూ సుబ్బరాజు గారి కూతురింటి కప్పు మీదికి చేరాయి. సుబ్బరాజు గారు లేచి కూర్చున్నారు. "చూశారా చెల్లెమ్మా, నేను ప్రాణాలకి తెగించబట్టే గుట్టు రట్టయింది. కేసు క్లోజ్."

వీపున నలభై వడియాలు అంటుకుని ఉన్న మనిషిని కాదనలేకపోయాను. హరిప్రియ తువ్వాలు తెచ్చిచ్చి, లోపలికి పోయి ఎంతసేపో నవ్వింది.

"అయితే బ్రిస్బేన్‌కి నిజంగానే మారతారా?" అన్నాను ఊపిరి కుదురుకున్నాక.

"ప్రమోషనమ్మా."

"వెళ్ళండి నాన్నా. హాయిగా వెళ్ళండి." అక్కడితో ఆగుంటే బాగుండేది. "అవునూ, అక్కడ పాములెక్కువటగా?"

చందు నా మొహంలోకి చూశాడు. కాఫీ కింద పెట్టి, లోపలికెళ్ళి లాప్‌టాప్ తెచ్చి గళ్ళు గీయడం మొదలెట్టాడు.

సుబ్బరాజు గారు భుజం మీంచి ఒక వడియం పీకి నోట్లో వేసుకున్నారు. "ఆ పాముల కేసు నాకొదిలెయ్యండి."