ఉమ్మడం మరిచిన నాలుక

నాలుకకు కూడా చదువు కావాలమ్మా! ఈ పరమసత్యాన్ని టాటానగర్ తెలుగువాళ్లకు ప్రసాదించిన మహానుభావుడు గణపతిరావు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు కంపెనీవాళ్లు తమ కేంటీన్ల తనిఖీ కోసం అతన్ని కలకత్తా పంపి, మాంసం రుచి చూడడంలో శిక్షణ ఇప్పించారు. మళ్లీ వేడిచేసిన మటన్‌ని మనం "బాగులేదు" అని ఊరుకుంటాం. అతను కళ్లు మూసుకుని, "ముందు అట్టపెట్టె... వెనకాల పాత నూనె... చివర్లో వానకు తడిసిన కుక్క!" అనేవాడు. కుక్కను ఎప్పుడు రుచి చూశాడో మేమెవరమూ అడగలేదు.

అప్పట్లో నేను పర్సుడీహ్ దారిలో వాళ్ల కేంటీన్లో ఉల్లిపాయలు తరిగేదాన్ని. వంట అసిరమ్మది. మొగుడు పోయిన మనిషి, ఆ పనే ఆమెకి కూడూ గుడ్డా. నిన్నటి మటన్ వేడిచేసి పెడుతోందని ఎవరో అర్జీ పెట్టారు. నిజమైతే పని ఊడుతుంది. తేల్చడానికి గణపతిరావు దిగాడు.

దిగింది సావన్ సోమవారం నాడు, అంటే అక్కడివాళ్ల శ్రావణంలో నీచు ముట్టని రోజున! పైగా అతను భజన మండలి అధ్యక్షుడు. ఆ నెలంతా గుడ్డు పేరెత్తినవాణ్ణి కూడా గుమ్మం ఎక్కనివ్వడు.

మేనేజరు బంగార్రాజు నసిగాడు. "రావుగారూ, ఇవాళ నీచు ముట్టకూడదు కదండీ?"

"ఇది తినడం కాదయ్యా, పరీక్ష! నమిలి ఉమ్మేస్తాను. పద్ధతే అది!"

ముందు కూర గిన్నె, పక్కన ఉమ్మడానికి ఇత్తడి చెంబు పెట్టాం. విభూతి సర్దుకుని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "అట్టపెట్టె!" ఇంకోటి. "పాత నూనె!" తర్వాత మూలిగ ఎముక కోసం గిన్నెంతా కెలికాడు. గిన్నె ఖాళీ అయింది. చెంబు మాత్రం అప్పుడే తోమినట్టు తళతళలాడుతోంది!

"తడికుక్క స్పష్టంగా ఉంది. నిన్నటి మటనే. ఈమెను తీసేయండి."

అసిరమ్మ గరిటెతోనే ముందుకొచ్చింది. "మటనేటి బాబూ? సావన్ సోమారం పూట మటనెవులు తింతారని ఒండుతాను? రుగడా అది! వానలకి అడవిలో తవ్వి తెచ్చి అమ్ముతారు కాదేటి, ఆ పుట్టగొడుగు. పొద్దున్నే బజార్ల కొన్నాను."

"మట్టి పోయీదాకా నానే కడిగినాను," అన్నాను నేను.

ఆ మొహం చూడాలమ్మా! మటనంటే సోమవారం పోతుంది. పుట్టగొడుగంటే కలకత్తా పోతుంది. కిటికీలోంచి, భోజనానికొచ్చిన భజన మండలి మొత్తం తొంగిచూస్తోంది!

"పుట్టగొడుగే," అన్నాడు చివరికి. "నాకు ముందే తెలుసు. ఈమె నిజం చెబుతుందో లేదో చూశానంతే."

"అయితే నా నౌకరీ బాబూ?"

"ఎక్కడికీ పోదమ్మా," అంటూ ఖాళీ గిన్నె ముందుకు తోశాడు. "శాకాహారమే కదా, ఇంకో గరిటె వెయ్యి. ఆ చెంబు అడ్డం, తీసేయండి!"