ఆట పోతే యాట పోతది

శత్రువును గెలువాలంటే బలం గావాలె. దోస్తును గెలువాలంటే శాస్త్రం గావాలె! టీవీల ఆడే ఫుట్‌బాల్‌కు సంబంధించిన ఆ మహాశాస్త్రాన్ని లోకకల్యాణం కోసం ఇక్కడ బయటపెడుతున్న.

నా పేరు ఆగయ్య. దుబాయిల డ్యూటీకి రాంగనే ఫోర్‌మన్ "ఆగయా?" అనేటోడు. పేరు పిలుస్తుండో, హిందీల "అచ్చినవా" అని హాజరు వేస్తుండో తెలువకుండనే ఏండ్లు గడిచినయి. ఇప్పుడు లీవు మీద కోరుట్లల ఉన్న. మామిడిపూత మీద అచ్చిన, కాయలైపోయి మళ్ల పూత వట్టింది. కంపెనీకి నేనంటే అంత ప్రేమ.

మా వాడకట్టు మహిపాల్ గూడ దుబాయి నుంచి లీవు మీదనే అచ్చిండు, టీవీకి పెట్టి బటన్లతోని ఆడే ఆట డబ్బా చంకల వెట్టుకొని. అక్కడ్నుంచి అచ్చినోడు వాడకట్టుకు దావత్ ఇచ్చుడు మా దిక్కు రివాజు. ఇద్దరం "ఇయ్యాల, రేపు" అని నూకుతున్నం. మా వాడ పెద్దవ్వ కిష్టవ్వకు ఓపిక తీరింది. ఆమె కొడుకు ఓదెలు గూడ దుబాయి నుంచి లీవుకచ్చినప్పుడు రెండు యాటలు కోసి వాడంతటికి మటన్ పెట్టిండ్రు. గందుకే మా వాడల తీర్పులన్ని ఆమెవే.

"ఇద్దరు ఆడుండ్రి. ఓడినోడు ఆదివారం యాటను కోయాలె" అన్నది.

ఆట పోతే యాట పోతది. యాటను కొనే తాకతు నాకు లేదు. ఇగ శాస్త్రమే దిక్కు.

దోస్తుకు ఎప్పుడూ పేరున్న టీమే ఇయ్యాలె. గొప్పోళ్లున్నరు గదా, వాళ్లే చూసుకుంటరని కూసుంటడు. ఆటకు ముందు నూనె కారే సర్వపిండి పెట్టాలె. బటన్ల మీద ఏళ్లు జారుతయి. ఇగ బ్రహ్మాస్త్రం: వాడు గోల్ ముందటికి రాంగనే మెల్లగ అడుగాలె.

"మళ్ల ఎప్పుడు పోతవ్‌రా?"

"ఎప్పుడచ్చినవ్" అని లోకం ఒక్కసారే అడుగుతది. "ఎప్పుడు పోతవ్" అని రోజూ అడుగుతది.

"వచ్చే నెల" అన్నడు మహిపాల్. బాల్ పోయి జనంల పడ్డది.

"ఏ తారీఖు?" అన్న. వాని గోల్‌కీపర్ గూడ చేతులల్ల బాల్ ఇడిచిపెట్టిండు. నాకు గోల్.

కాసేపటికి వాడు గూడ ఒకటి కొట్టి సమానం జేసిండు. ఆట ఆఖరికచ్చింది. బాల్ నా దగ్గర. మహిపాల్ ఏళ్లకంటిన నూనె నాక్కుంట అడిగిండు.

"మరి నువ్వెప్పుడు పోతవ్‌రా ఆగిగా?"

బొటనేలు కొయ్యబారింది. ఎన్కకు పాసిచ్చిన. అది పోయి నా గోల్‌లనే పడ్డది!

మహిపాల్ నవ్వలే. "నీ కంపెనీ గూడ మూసిండ్రా?" అన్నడు.

"నీదెప్పుడు?"

"నేను ఇమానం ఎక్కకముందే."

మూలకు బీడీలు చేసుకుంటున్న నా భార్య లీల తల ఎత్తకుండనే రెండు చాటలు ఇటు నూకింది. "దుబాయి సార్లూ, ఆట అయితే ఇటు రాండ్రి. బటన్లు ఒత్తిన ఏళ్లు, దారం మంచిగ చుడుతయి. మహిపాలన్నా, నువ్వు ఆకు కత్తిరించు."

"ముందుగాల తలుపెయ్యి" అన్నం ఇద్దరం.

నాలుగు బీడీలు చుట్టుడు గూడ కాలే, కిష్టవ్వ తలుపు నూకింది. చాటలు టీవీ ఎన్కకు పోయినయి.

"ఎవలు ఓడిండ్రు?"

"డ్రా అయింది పెద్దవ్వా" అన్నడు మహిపాల్, నా దిక్కు సూడకుంట.

"మరి మీరెప్పుడు పోతరు కొడుకా?"

"వచ్చే నెల" అన్నం, ఒక్క గొంతుతోని.

కిష్టవ్వ మా మీసాలకంటిన తంబాకు పొడి సూసింది. లీల దిక్కు తిరిగి గొంతు తగ్గించింది.

"దారముంటే ఒక ఉండ ఇయ్యి బిడ్డా. మా ఓదెలు తలుపేసుకొని చుడుతుండు, నడుమల అయిపోయింది. వాడు గూడ వచ్చే నెలనే పోతడు."